చిన్నారి చెప్పే ఆ ఒక్క మాట వినండి!

పిల్లలపై లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి చట్టం ఉంది. హెల్ప్‌లైన్లు, ఆసుపత్రులు, ప్రత్యేక కోర్టులు ఉన్నాయి. కానీ ఇంట్లో ఎవరో ఒకరు బిడ్డ మాటను నమ్మి కదిలితేనే ఇవన్నీ అక్కరకొస్తాయి. ఏ మార్పులను గమనించాలి? బిడ్డ నోరు విప్పినప్పుడు ఏమనాలి, ఏమనకూడదు? తొలి మూడు రోజుల్లో ఎక్కడికి వెళ్లాలి? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతులివి.

బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుమలకు వచ్చే పిల్లల చేతికి పోలీసులు ట్యాగులు కట్టడం చూసే ఉంటారు. రద్దీలో బిడ్డ తప్పిపోతే కన్నవారి దగ్గరికి చేర్చడానికి ఆ ఏర్పాటు. గంగమ్మ జాతరలోనూ, పెళ్లిళ్లలోనూ, రైల్వేస్టేషన్‌లోనూ మనం బిడ్డ చెయ్యి వదలం. తెలియనివాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దని పదేపదే చెబుతాం. ఇవన్నీ అవసరమే. అయితే లైంగిక వేధింపుల ముప్పు ఎక్కువగా కొత్తవాళ్ల నుంచి రాదు. మన ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్లేవాళ్ల నుంచి, బిడ్డ వరస పెట్టి పిలిచేవాళ్ల నుంచే వస్తుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కలు ఈ విషయాన్నే చెబుతున్నాయి. పోక్సో చట్టం కింద నమోదయ్యే అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బిడ్డకు ముందే తెలిసినవారు. బంధువులు, ఇరుగుపొరుగువారు, కుటుంబ స్నేహితులు, పరిచయస్తులు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనం మరో నిజాన్ని బయటపెట్టింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడితే 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితుల్లో సగానికి పైగా మగపిల్లలే. ‘మాకు అబ్బాయేగా, భయమేముంది’ అనుకునే ఇళ్లు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. ఆ పిల్లల్లో చాలామంది తమకు జరిగింది ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

శిక్ష ఒక్కటే చాలదు

2019 నవంబరులో జరిగిన ఘోరాన్ని చిత్తూరు జిల్లా మరచిపోలేదు. అమ్మానాన్నలతో కలిసి మదనపల్లె సమీపంలోని ఒక కల్యాణ మండపానికి వచ్చిన అయిదేళ్ల పాప కనిపించకుండా పోయింది. మర్నాడు శవమై దొరికింది. పోక్సో కింద విచారణ వేగంగా సాగి, నాలుగు నెలలు నిండకముందే, 2020 ఫిబ్రవరిలో చిత్తూరులోని విచారణ కోర్టు దోషికి మరణశిక్ష విధించింది. అంత త్వరగా తీర్పు రావడం మనకు అరుదే.

అలాంటి ఘటనలు జరిగినప్పుడు ఊరంతా కదులుతుంది. కొవ్వొత్తులు వెలుగుతాయి, నినాదాలు మిన్నంటుతాయి. కానీ పత్రికకెక్కనివి, నాలుగు గోడల మధ్యే నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగేవి అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ బిడ్డను కాపాడాల్సిన మొదటి మనిషి పోలీసు కాదు, జడ్జి కాదు. అమ్మ, నాన్న, అవ్వ, తాత, టీచరు... బిడ్డ ఎవరి దగ్గరికొచ్చి నోరు విప్పితే వాళ్లే.

పిల్లలు ఎందుకు చెప్పరు?

వేధించేవాడు చాలాసార్లు బలవంతంతో మొదలుపెట్టడు. ముందు బిడ్డను మచ్చిక చేసుకుంటాడు. అంతకంటే ముందు పెద్దవాళ్ల నమ్మకాన్ని సంపాదిస్తాడు. పిల్లలను ట్యూషన్‌కు తానే తీసుకెళతానంటాడు. బొమ్మలు, చిరుతిళ్లు కొనిపెడతాడు. గేమ్ ఆడుకోమని ఫోన్ ఇస్తాడు. తర్వాత ‘ఇది మన ఇద్దరి సీక్రెట్’ అంటాడు. ఆట పేరుతో తాకడం మొదలవుతుంది. బిడ్డకు ఇబ్బందిగా ఉన్నా అది తప్పో ఒప్పో తెలియదు. తెలిసే వయసుకు ‘నేనే తప్పు చేశాను, అమ్మ కొడుతుంది’ అనే భయం పట్టుకుంటుంది. ‘చెబితే మీ నాన్నను చంపేస్తా’ అనే బెదిరింపు కూడా తోడవుతుంది.

మన ఇళ్లలో మరో చిక్కుంది. శరీర భాగాల పేర్లు పలకడమే సిగ్గు. ‘ఛీ, అలా మాట్లాడకూడదు’ అని నోరు మూయిస్తాం. పలకకూడని చోట ఏదో జరిగితే బిడ్డ దాన్ని ఏ మాటతో చెబుతుంది? అందుకే ‘ఆ అంకుల్ నాకు నచ్చడు’, ‘ట్యూషన్‌కు పోను’, ‘మామ ఇంట్లో పడుకోను’ అని చుట్టూ తిప్పి చెబుతుంది. పైకి మారాంలా వినిపించే ఈ మాటే కొన్నిసార్లు ఫిర్యాదు.

ఈ మార్పులు గమనించండి

* మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, పీడకలలు, ఒంటరిగా పడుకోవడానికి భయం
* ఒక మనిషిని, ఒక చోటును చూస్తే బెదిరిపోవడం, అక్కడికి వెళ్లనని మొండికేయడం
* కారణం తెలియని కడుపునొప్పి, తలనొప్పి, ఆకలి తగ్గడం
* మూత్రంలో మంట, జననాంగాల వద్ద నొప్పి, రక్తం, స్రావం, నడవడానికీ కూర్చోవడానికీ ఇబ్బంది
* వయసుకు మించిన లైంగిక విషయాలు మాట్లాడటం, బొమ్మలతో అలాంటి ఆటలు ఆడటం
* చదువులో ఒక్కసారిగా వెనకబడటం, స్నేహితులకు దూరం కావడం, అకారణ కోపం
* టీనేజీ పిల్లల్లో చేతులు కోసుకోవడం, చనిపోతాననడం, ఇల్లు వదిలి వెళ్లిపోవడం
* ఎవరిచ్చారో చెప్పని డబ్బులు, కానుకలు, ఫోన్

వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన వేధింపు జరిగిందని తేల్చేయకూడదు. పరీక్షల ఒత్తిడి, ఇంట్లో గొడవలు, స్కూల్లో తోటి పిల్లల ఏడిపింపు... వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ కొన్ని మార్పులు కలిసి కనిపించినా, ఉన్నట్టుండి వచ్చినా తీరిగ్గా కూర్చుని మాట్లాడాల్సిందే. జననాంగాల వద్ద నొప్పి, రక్తం వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

బిడ్డ చెప్పినప్పుడు తొలి పది నిమిషాలు

వేధింపు నుంచి బిడ్డ కోలుకోవడంలో అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపేది ఇంట్లో పెద్దవాళ్ల స్పందన. మానసిక నిపుణులు దీన్ని ఎంతోకాలంగా చెబుతున్నారు. నమ్మి, వెన్నంటి నిలిచిన కుటుంబాల్లోని పిల్లలు త్వరగా తేరుకుంటారు. నమ్మని ఇంట్లో బిడ్డకు రెండోసారి గాయమవుతుంది.

ముందు మీ ముఖం, గొంతు నిదానంగా ఉండాలి. మీరు కేకలు వేస్తే, గుండెలు బాదుకుంటే బిడ్డ అక్కడితో ఆగిపోతుంది. ‘ఏమీ లేదమ్మా, ఊరికే అన్నా’ అంటుంది. ఏడుపు వస్తే తర్వాత పక్క గదిలోకి వెళ్లి ఏడవొచ్చు.

ఈ నాలుగు మాటలు చెప్పండి: ‘నువ్వు చెప్పడం మంచిదైంది’. ‘నేను నమ్ముతున్నాను’. ‘ఇందులో నీ తప్పేమీ లేదు’. ‘ఇకపై నీకేం కాకుండా చూసుకునే బాధ్యత మాది’.

అనకూడని మాటలూ ఉన్నాయి. ‘ముందే ఎందుకు చెప్పలేదు?’, ‘నువ్వెందుకు వెళ్లావు?’, ‘ఆయన అలాంటివాడు కాదే!’, ‘ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది’. ఈ చివరి మాట, వేధించినవాడు చెప్పిన ‘సీక్రెట్’ మాట రెండూ బిడ్డ చెవికి ఒకేలా వినిపిస్తాయి.

గుచ్చిగుచ్చి అడగొద్దు. ‘అక్కడ తాకాడా? ఇలా చేశాడా?’ అని మాటలు అందించొద్దు. ‘తర్వాత ఏమైంది?’ అంటే చాలు. బిడ్డ చెప్పినవి చెప్పినట్టే, అవే మాటల్లో, తేదీ వేసి రాసిపెట్టుకోండి. అవ్వ వచ్చాక ఒకసారి, చిన్నాయన వచ్చాక ఒకసారి మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. అవతలివాడి ఇంటి మీదికి వెళ్లొద్దు. బంధువులను పిలిచి పంచాయితీ పెట్టొద్దు. ఆ లోపు సాక్ష్యం పోతుంది, బిడ్డపై ఒత్తిడి పెరుగుతుంది. పోక్సో నేరాలు ఇంట్లో కూర్చుని రాజీ చేసుకునేవి కావు.

72 గంటలు చాలా విలువైనవి

ఇటీవలే దాడి జరిగిందని తెలిస్తే నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. తిరుపతిలో రుయా, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, చిత్తూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా ప్రథమ చికిత్స, వైద్యం ఉచితంగా అందించాలని చట్టం చెబుతోంది. చికిత్స నిరాకరించడం శిక్షార్హమైన నేరం. ‘ముందు పోలీసు కాగితం తెండి’ అని అత్యవసర వైద్యాన్ని ఆపకూడదు. ఎఫ్‌ఐఆర్ నమోదు కాకముందే బిడ్డను పరీక్షించవచ్చు. పోలీసులకు సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆసుపత్రిదీ.

వెళ్లే ముందు బిడ్డకు స్నానం చేయించకండి. ఆ సమయంలో వేసుకున్న దుస్తులు ఉతక్కుండా కాగితపు సంచిలో పెట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్‌లో పెడితే తేమకు పాడవుతాయి. స్నానం చేయించేసినా, దుస్తులు ఉతికేసినా ఆగిపోవద్దు. దాదాపు 96 గంటల వరకూ నమూనాలు సేకరించే వీలుంటుంది.

హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులను 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. రజస్వల అయిన ఆడపిల్లలకు గర్భం రాకుండా వేసే మాత్రకూ తొలి మూడు రోజులే కీలకం. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు, ఇతర సుఖవ్యాధులకు మందులు అవసరాన్ని బట్టి ఇస్తారు.

ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. తల్లిదండ్రులో, బిడ్డకు నమ్మకమున్న మరొకరో పక్కనుండాలి. 12 ఏళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా అడగాలి. ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయకూడదని, చేసినవారిపై చర్యలుంటాయని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మరోసారి గట్టిగా చెప్పింది. ఇంకో ముఖ్యమైన సంగతి... వేధింపులకు గురైన పిల్లల్లో ఎక్కువమందికి వైద్య పరీక్షలో ఏ గాయమూ కనిపించదు. గాయం లేదంటే ఏమీ జరగలేదని కాదు.

దాడి జరిగి నెలలు గడిచిపోయినా వైద్యుడికి చూపించడంలో, ఫిర్యాదు చేయడంలో అర్థం లేకపోలేదు. బిడ్డ చెప్పే మాటే బలమైన సాక్ష్యం.

స్టేషన్ అంటే భయమా?

‘బిడ్డను పోలీస్ స్టేషన్, కోర్టు చుట్టూ తిప్పాలా?’ అన్నది చాలా కుటుంబాలను వెనక్కి లాగే ప్రశ్న. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం ఈ భయాన్ని దృష్టిలో పెట్టుకునే రాశారు. 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ, మగపిల్లలకూ ఇది ఒకేలా వర్తిస్తుంది.

బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనే, లేదా బిడ్డ కోరుకున్న చోట తీసుకోవాలి. వీలైనంతవరకూ ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట బిడ్డను ఏ కారణంతోనూ స్టేషన్‌లో ఉంచకూడదు. సమాచారం అందిన 24 గంటల్లోపు పోలీసులు ఆ విషయాన్ని బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. కోర్టులో నిందితుడు బిడ్డ కంటపడకుండా చూడాలి. ప్రశ్నలు న్యాయమూర్తి ద్వారానే అడగాలి. పదేపదే పిలిపించకూడదు, మధ్యలో విరామాలివ్వాలి. కోర్టు కేసును విచారణకు స్వీకరించిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు చేయాలని, వీలైనంతవరకూ ఏడాదిలో విచారణ ముగించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో గడువులు దాటే కేసులు ఉన్నాయి. అందుకే మీ హక్కులేమిటో తెలిసి ఉండటం, అడగడం అవసరం.

ముఖ్యంగా అడగాల్సింది ‘సహాయక వ్యక్తి’ గురించి. బాలల సంక్షేమ సమితి నియమించే ఈ వ్యక్తి ఆసుపత్రి నుంచి తీర్పు దాకా కుటుంబం వెంట ఉండాలి. కేసు ఎంతవరకూ వచ్చిందో చెప్పాలి, కౌన్సెలింగ్‌కు దారి చూపాలి, పరిహారానికి సాయపడాలి. తుది తీర్పు వచ్చేదాకా ఆగకుండా మధ్యంతర పరిహారం ఇవ్వమని ప్రత్యేక కోర్టును కోరవచ్చు. వైద్యం, ప్రయాణం, తిండి ఖర్చుల కోసం తక్షణ సాయానికి సమితి సిఫార్సు చేయగలదు. ఉచిత న్యాయవాది కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది.

నేరం గురించి తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. దీనికి ఆరు నెలల వరకూ జైలు పడొచ్చు. సంస్థలో సిబ్బంది చేసిన నేరాన్ని దాచిన అధిపతికి ఏడాది వరకూ శిక్ష. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై మాత్రం ఏ కేసూ ఉండదు. అనుమానం నిజమా కాదా తేల్చాల్సింది దర్యాప్తు అధికారి. మన పని చెప్పడం వరకే.

ఇక పేరు. బిడ్డ పేరు, ఫొటో, స్కూలు, వీధి, తల్లిదండ్రుల వివరాలు... బిడ్డను గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు. ఇది పత్రికలకే కాదు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకూ వర్తిస్తుంది. ‘న్యాయం జరగాలి’ అంటూ ఫొటో ఫార్వర్డ్ చేయడం ఆ కుటుంబానికి సాయం కాదు.

మనసు మానడానికి

శరీరం మీది గాయం మానినా నిద్రలో ఉలిక్కిపడటం, నమ్మకం కోల్పోవడం, తన మీద తనకే అసహ్యం చాలాకాలం వెంటాడవచ్చు. వీటికి చికిత్స ఉంది. జరిగినదాన్ని బిడ్డ వయసుకు తగ్గట్టు ఆటలు, బొమ్మలు, మాటల ద్వారా క్రమంగా ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్ పద్ధతులు మంచి ఫలితాలు ఇస్తున్నాయి. ఇందులో తల్లిదండ్రులకూ భాగం ఉంటుంది. సాధారణంగా వారానికో సిటింగ్ చొప్పున కొన్ని నెలలు పడుతుంది. రెండు సిటింగులకే ఆపేయొద్దు.

రుయాలోని మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. చిత్తూరు వైపు వాళ్లకు దగ్గరలోని వేలూరు సీఎంసీకి చెందిన బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రంలో పిల్లల విభాగం ప్రత్యేకంగా ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్ కూడా పిల్లల మానసిక చికిత్సకు పేరున్న సంస్థ.

ఇంట్లో చేయాల్సింది చిన్నదే. బడి, ఆట, పండగలు మునుపటిలాగే సాగనివ్వండి. బడి మాన్పించి, బంధువుల ఊరికి పంపితే శిక్ష బిడ్డకు పడినట్టవుతుంది. చిన్నతనంలో జరిగింది ఇప్పటికీ మోస్తున్న పెద్దలూ మనలో ఉన్నారు. వాళ్లూ ఇప్పుడు సాయం తీసుకోవచ్చు.

స్కూలును, హాస్టల్‌ను అడగండి

తిరుపతి చదువుల ఊరు. పదోతరగతి దాటగానే ఎంతోమంది పిల్లలు హాస్టళ్లలో చేరతారు. ఫీజు, ర్యాంకులు అడిగే మనం ఇవీ అడగాలి. పిల్లలతో నిత్యం మెలిగే సిబ్బంది గురించి పోలీసు విచారణ చేయించారా? 2020 పోక్సో నిబంధనల ప్రకారం ఇది తప్పనిసరి. రాత్రి డార్మిటరీ బాధ్యత ఎవరిది? వ్యానులో ఆయా ఉంటుందా? పిల్లలు ఎవరికి ఫిర్యాదు చేయాలి? 1098 నంబరు గోడమీద కనబడేలా రాశారా? ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పక్కన వార్డెన్ లేకుండా మాట్లాడే వీలుందా? సంగీతం, డ్యాన్స్, క్రికెట్ శిక్షణ కేంద్రాలకూ ఇవే ప్రశ్నలు.

ఏ వయసులో ఏం చెప్పాలి?

3-5 ఏళ్లు: శరీర భాగాల అసలు పేర్లు చెప్పండి. ‘స్విమ్మింగ్ సూట్ కప్పే భాగాలు నీ సొంతం. స్నానం చేయించేటప్పుడు అమ్మ, అమ్మ పక్కనుండగా డాక్టరు తప్ప ఎవరూ తాకకూడదు, చూడకూడదు. ఎవరైనా ఇబ్బంది పెడితే వద్దని అరువు, అక్కణ్నుంచి వచ్చెయ్, మాకు చెప్పు’. అమ్మ, డాక్టరు తాకినా ఇబ్బందిగా ఉంటే చెప్పొచ్చని కూడా చెప్పండి. ‘మామకు ముద్దు పెట్టు’ అని బలవంతపెట్టొద్దు. నమస్కారం చాలు.

6-9 ఏళ్లు: సర్‌ప్రైజ్‌కూ సీక్రెట్‌కూ తేడా చెప్పండి. పుట్టినరోజు కానుక నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది. అమ్మకు ఎప్పటికీ చెప్పొద్దనే సీక్రెట్ మంచిది కాదు.

10-13 ఏళ్లు: శరీరంలో వచ్చే మార్పుల గురించి ముందే మాట్లాడండి. ఆన్‌లైన్ గేముల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమయ్యేవాళ్లకు ఫొటోలు పంపకూడదని చెప్పండి.

14 దాటాక: ‘పొరపాటున ఫొటో పంపినా, ఎవరైనా బెదిరించినా ముందు మా దగ్గరికే రా. ఫోన్ లాక్కోం, కొట్టం’. ఈ హామీ ఇచ్చి నిలబెట్టుకోండి. బ్లాక్‌మెయిల్‌కు భయపడి ప్రాణాలు తీసుకునే పిల్లలను ఈ ఒక్క మాట కాపాడగలదు.

ఈ రోజు రాత్రి భోజనాల దగ్గర మీ బిడ్డను ఒక ప్రశ్న అడగండి: ‘నీకు భయమేస్తే, ఎవరికి చెబుతావు?’ అయిదు వేళ్లకు అయిదు పేర్లు చెప్పమనండి. ఆ పేర్లలో మీది ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బిడ్డను తిట్టకండి. రేపట్నుంచి రోజుకో పావుగంట ఫోన్ పక్కన పెట్టి, బిడ్డ చెప్పేది వినండి.

ఈ నంబర్లు ఫోన్‌లో ఉంచుకోండి

1098: చైల్డ్ హెల్ప్‌లైన్. 1996లో ముంబయిలో మొదలైంది. ఇప్పుడు మిషన్ వాత్సల్య కింద ప్రభుత్వమే నడుపుతోంది. 24 గంటలూ ఉచితం. పిల్లలే నేరుగా చేయవచ్చు. స్టేషన్‌లోనో బస్టాండ్‌లోనో ఒంటరిగా ఉన్న బిడ్డ కనబడినా చెప్పొచ్చు.
112: పోలీసు, అత్యవసర సాయం.
181: మహిళా హెల్ప్‌లైన్. జిల్లాలోని వన్ స్టాప్ సెంటర్‌కు దారి చూపుతుంది.
1930: సైబర్ నేరాలపై ఫిర్యాదు.
14416: టెలి మానస్. తెలుగులో ఉచిత మానసిక సలహా.
15100: ఉచిత న్యాయ సహాయం.